తమ్ముడికి గాలి పడవ

మొగుడి చేతిలో ఫోనులోకి తొంగి చూసింది గంగాభవాని. తెర మీద నారింజ రంగు గాలి పడవ, అందులో కూర్చుని జ్యూసు తాగుతున్న పిల్లలు.

సిక్కోలు తీరంలో వేటకెళ్ళే తమ్ముడు అచ్చెన్నకి, అలలు దాటి వలల దగ్గరకెళ్ళడానికి చిన్న పడవ కావాలి. "బావ ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేస్తాడు కదా, మంచిది ఎంచమను" అన్నాడు పాపం. గాలి అరలు విడివిడిగా ఉండాలనీ, ఒకటి చిరిగినా మిగతావి తేల్చాలనీ, అడుగు గట్టిగా ఉండాలనీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మొగుడు జితేంద్ర ఎంచినదానికి ఉన్నది ఒక్కటే అర.

"గ్లాసు పెట్టుకోడానికి గుంటలు కూడా ఉన్నాయే! ఈరోజుతో ఆఫర్ అయిపోద్ది" అన్నాడు పళ్ళికిలించి.

"కింద ఏటి రాసుందో సదువు."

"సముద్రానికి పనికిరాదని. అన్నిటి మీదా అలాగే రాస్తార్లే."

హోసూరు ఫ్యాక్టరీలో బోల్టు మీద వెంట్రుకంత గీత కనబడితే పక్కకి విసిరేసే మనిషి! ఆ గొప్పలు మత్తిగిరిలో వాళ్ళుండే వీధంతా విన్నదే. ఇంటికొచ్చేసరికి ఆ కళ్ళు ఏ గోదాట్లో కలిశాయో! మొహం మీద ఉమ్మేయాలనిపించింది.

"ఈ పడవ మీ ఫ్యాక్టరీలో నీ ముందుకొస్తే పాస్ చేస్తావేటి మావా?"

"ఛీ, ఎలా చేస్తానే? నా ఉద్యోగం పోదూ!"

"అవును మరి. ఇక్కడైతే పోయేది మా తమ్ముడే కదా!"