మూడు సెన్సర్లు, ఒక పులుపు వాసన

మా మనవరాలి కారుకి ముక్కు మూడోసారి పోయింది. కారుకి ముక్కేమిటని నవ్వకండి, మొదట్లో నేనూ నవ్వినదాన్నే. దాని అసలు పేరు ఆక్సిజన్ సెన్సర్. బొటనవేలంత ఉంటుంది. ఇంజన్లోంచి పొగ బయటికి పోయే గొట్టానికి దాన్ని బిగిస్తారు. పొగలో గాలి ఎంత మిగిలిందో అది పసిగట్టి చెబితే, ఇంజను తాగవలసినంత పెట్రోలే తాగుతుంది. అది మూగబోయిందా, ఇంజను ఇష్టారాజ్యంగా తాగేసి, స్టీరింగు వెనక పసుపుపచ్చ లైటొకటి వెలిగించుకుని కూర్చుంటుంది. ఇదంతా నాకు మనవరాలే చెప్పింది. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే.

ఆ కారు ఒకప్పుడు మా ఆయనది. పదిహేడేళ్ళు తుడిచిందే తుడిచి, కళ్ళు మసకబారాక మనవరాలి చేతిలో పెట్టారు. ఆ పిల్లని ఇంట్లో అందరం గడుగ్గాయి అంటాం. కార్ల షెడ్డులో పని చేస్తుంది. తాత ఇచ్చింది కదా అని ఊరుకుందా? దాని పొట్ట విప్పి, గాలి పీల్చే గొట్టం లావుది వేసింది, పొగ వదిలే గొట్టం ఇంకా లావుది వేసింది, ఇంజను కంప్యూటరుకి కొత్త పాఠాలు చెప్పింది. రెండేళ్ళ ఆదివారాలన్నీ దాని కిందే గడిచిపోయాయి.

కాగితాలు మాత్రం వాళ్ళ నాన్న పేరు మీద ఉన్నాయి. మా అల్లుడు మంచివాడే గానీ, గోడ గడియారం కూడా అతన్ని చూసి టైము సరిచేసుకుంటుంది.

"శుక్రవారం పొగ పరీక్ష. ఈసారి తప్పితే శనివారం అమ్మకానికి పెట్టేస్తా. ఇంక బతిమాలొద్దు" అని పై అంతస్తు నుంచి మెట్లు దిగుతూ చెప్పేశాడు. గడుగ్గాయి కంచం ముందు నుంచి లేచి కారు కిందికి దూరింది. ఆ పిల్ల అన్నం వదిలేసిందంటే విషయం ముదిరినట్టే.

బుధవారం పొద్దున వాళ్ళ షెడ్డు యజమానిని మా ఇంటికి వెంటబెట్టుకొచ్చింది. ఆయన్ని అందరూ సోడాబుడ్డి మేస్త్రి అంటారు. కళ్ళద్దాలు అంత మందం.

"ఏమ్మా, మళ్ళీ రొంప పట్టిందా నీ కారుకి?"

"ఎగతాళి చెయ్యకండి మేస్త్రిగారూ. పెట్రోలు ఎక్కువ పడుతోందేమో చూశా. వైర్లు చూశా. పొగ గొట్టం చీలిందేమోనని సబ్బునీళ్ళు పోసి చూశా. మూడోసారి సెన్సర్ కంపెనీయే మార్చేశా."

"చచ్చినవి దాచావా?"

మూడింటినీ నా కాఫీ సాసర్లో పెట్టి తెచ్చింది. ఆ సాసరు ఇంక నాకు దక్కదని అర్థమైంది. మేస్త్రి అద్దాలు నుదుటి మీదికి తోసి, ఒక్కొక్కదాన్నీ వెలుగులో తిప్పి చూశాడు.

"నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. జిడ్డుగా ఉంటే ఆయిలు కాలినట్టు. ఇవి చూడు, మూడింటికీ తెల్లటి పూత. పౌడరు రాసుకుని పెళ్ళికి బయల్దేరినట్టున్నాయి. సిలికాన్ జిగురు ఎక్కడైనా పూశావా? సింకు పక్కన సందులు మూస్తారే, అది."

"చుక్క కూడా పూయలేదు. ఒట్టు."

"ఎక్కడో ఉంది. దాని ఆవిరి ఇంజన్లోకి పోయి కాలితేనే ఈ పూత పడుతుంది. పోనీ, మూడూ ఎప్పుడెప్పుడు పోయాయి? దానికి ముందు ఏం జరిగింది?"

గడుగ్గాయి తల గోక్కుంది. ఈ కాలం పిల్లలకి నిన్న తిన్నది కూడా ఫోను చూస్తే గానీ గుర్తురాదు.

"నన్నడగరేం?" అన్నాను నేను. "మొదటిది, మా చిన్న మనవడికి ముందుపన్ను ఊడిన వారం. రెండోది, పైన ట్యాంకు పొంగి మెట్లన్నీ తడిసిన గురువారం. మూడోది మొన్న, నా కళ్ళజోడు కాడ విరిగిన మర్నాడు. లైటు వెలిగే ముందల్లా కారు ఈల ఆగిపోయేది."

"ఈలా?" అన్నాడు మేస్త్రి.

"గాలి గొట్టం దగ్గర సన్నగా కూసేది. బాగా పీలుస్తోందని సంబరపడ్డా" అంది గడుగ్గాయి. "మధ్యమధ్యలో దానంతటదే ఆగిపోయేది."

"సంబరమెందుకే తల్లీ, అది సందు! సందు దానంతటదే మూసుకోదు. ఎవరో మూస్తున్నారు."

ఆ మూడు వారాలూ వరసగా చెప్పుకొచ్చానా, వాటిలో ఇంకోటి కూడా ఉందని అప్పుడు తట్టింది. ఆ మూడుసార్లూ నేను మా ఆయన్ని చెడామడా తిట్టాను. కడుపులో పుండని డాక్టరు పులుపు ముట్టుకోవద్దన్నాడు. ఈయన చెయ్యి చూస్తే ఘాటుగా వెనిగర్ వాసన. దొంగతనంగా ఏదో తిన్నారని అరిచాను. మాటకి రెండు మాటలు అప్పజెప్పే మనిషి, ముమ్మారూ తలొంచుకుని తిట్లు తిన్నారు.

"మేస్త్రిగారూ, ఆ జిగురుకి వాసనుంటుందా?"

"ఆరేదాకా వెనిగర్ కంపు కొడుతుందమ్మా."

నేను తిన్నగా లోపలికి వెళ్ళాను. మా ఆయన రేడియో వెనకభాగం విప్పుకుని కూర్చున్నారు.

"ఏవండీ, చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఇవాళ ఏం తినలేదే!"

"ఆ రోజుల్లోనూ తినలేదు కదూ?"

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను కేసి చూశారు. "ఈల వేస్తోందే అది. ఆడపిల్ల కారు వీధిలో పోయేవాళ్ళని చూసి ఈల వేస్తే ఏం మర్యాద? తడిమితే సందు దొరికింది. కనపడకుండా అడుగున కాస్త పూశాను. పదిరోజులకి ఊడిపోయేది, మళ్ళీ పూసేవాణ్ణి."

"మరి పులుపు తిన్నారని నేను నోరు పారేసుకుంటే చెప్పరేం?"

"చెబితే దాని పనికి వంక పెట్టినట్టు కాదూ? పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. నీ తిట్లంటావా, నాకు అలవాటే."

నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో, తినని పులుపుకి తిట్లు తిన్న మొగుణ్ణి అప్పుడే చూశాను. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

గడుగ్గాయి అప్పటికే గొట్టం అడుగున వేలు పెట్టి, గాజులా మెరిసే జిగురు పట్టీని ఒలిచింది. మేస్త్రి సంగతి వివరిస్తుంటే మా ఆయన మొహం వాడిపోయింది.

"మూడింటినీ నేనే చంపానా?"

"నోరు మూయబోయి ముక్కు మూశారు పెద్దాయనా" అన్నాడు మేస్త్రి.

"అల్లుడితో నేనే చెబుతా. కారు కాదు, నన్ను అమ్మమను."

"నిన్నెవరు కొంటారు తాతయ్యా, మోడలు పాతది" అంటూ ఆ జిగురు పట్టీని ఎత్తి చూపించింది గడుగ్గాయి. "అయినా ఎంత నున్నగా పూశావో! నా బిగింపు నీ పూతలా ఉంటే అసలు సందే పడేది కాదు."

జిగురంతా గీకేశారు. సరైన కొలత రబ్బరు తొడుగు వేసి, రెండు పక్కలా క్లాంపులు బిగించారు. మా ఆయనకి కళ్ళు మసకే గానీ చెవులు పాము చెవులు. ఇంజను నడుస్తుంటే వంగి విని, "ఎడమపక్క ఇంకా కూస్తోంది" అన్నారు. గడుగ్గాయి ఇంకో చుట్టు బిగించింది. "ఇప్పుడు లేదు" అన్నాక నాలుగో సెన్సర్ పెట్టారు.

సాయంత్రం అల్లుడి ముందు తాతా మనవరాలూ ఒకేసారి మొదలెట్టారు. "జిగురు నాది" అని ఆయన, "సందు నాది" అని ఈ పిల్ల.

"మీరు కూడానా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు. "శుక్రవారం చూద్దాం" అని మెట్లెక్కాడు. నవ్వు దాచుకోవడానికే అంత తొందరగా ఎక్కాడని నా అనుమానం.

శుక్రవారం నలుగురం వెళ్ళాం. పరీక్ష చేసే మనిషి పొగ గొట్టంలో ఒక కడ్డీ పెట్టి, ఇంజన్ని రొద పెట్టించి, మిషను అంకెలు చూసి, కాగితం తీసి అల్లుడి చేతికిచ్చాడు. పాసైంది. అల్లుడు దాన్ని ముందూ వెనకా చదివాడు. వెనక ఏమీ లేదు, అయినా చదివాడు.

"ఓసారి నేను నడిపి చూస్తా" అన్నాడు.

"నడపండి నాన్నా. మెల్లగా తొక్కండి మరి. ఇది అమ్మే బండి కాదు" అని గడుగ్గాయి తాళాలిచ్చింది.

మెల్లగానే తొక్కాడు, పాపం. కారు ఒక్క దూకు దూకింది. నేనూ మా ఆయనా వెనక సీటుకి అతుక్కుపోయాం. అల్లుడు గబుక్కున బ్రేకు వేసి, గొంతు సవరించుకుని, "మామయ్యగారూ, మీ దగ్గరున్నప్పుడు ఇలా ఉండేది కాదే!" అన్నాడు.

"ఉండేది కాదు" అన్నారు మా ఆయన, కొత్త పెళ్ళికొడుకులా కాలరు సర్దుకుంటూ.