తారీఖు లేని గది

మోషే కుడికాలికి గొలుసుంది. గొలుసు రెండో కొస కిటికీ ఊచకు బిగించి ఉంది. అతడు కూర్చోగలడు, నిలబడగలడు. పడుకోవాలంటే మాత్రం కాలు గోడకు ఎత్తిపెట్టుకోవాలి. అట్లాగే పడుకొని ఉన్నాడు. వార్డరు రామయ్య బకెట్టు నీళ్ళు తెచ్చి ఊచల సందులోంచి అతని మీద కుమ్మరించాడు. వారానికొకసారి స్నానమంటే అదే. పక్కనున్న ముగ్గురి మీదా అట్లాగే కుమ్మరించాడు.

లూదియా జొన్నరొట్టెల మూట పట్టుకొని చూస్తూ నిలబడింది. మోషే ఆమెకు సొంత అన్న. ములాఖత్ కిటికీ దాకా అతడు రాలేడు కాబట్టి, సబ్ జైలు వెనక గది దాకా ఆమెనే రానిచ్చారు.

"మా అన్నను ఎప్పుడు ఇడిసిపెడతారు సార్?"

"దొంగకైతే తారీఖుంటాదమ్మా. ఖూనీ చేసినోనికీ ఉంటాది. పిచ్చోనికి యాడుంటాది? నయమైందని డాక్టరు రాయాల. నేనీడికొచ్చి ఆరేండ్లాయె. ఈ గదిలోకి డాక్టరు రాంగా చూల్లేదు."

మోషే ఆమెను గుర్తుపట్టాడో లేదో తెలియదు. "నీళ్ళు మడికెక్కినాయా మే?" అని మాత్రం అడిగాడు. ఆమె ఎక్కినాయంది. రొట్టెలు ఊచల సందున పెట్టి బయటికి వచ్చింది. బస్సులో కూర్చున్నాక ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

అసలు సంగతి ఏడాది కిందటిది. 1980లో వానలు పోయాయి. ఆళ్లగడ్డ దారిలో కాలువ కింద పెద్దరైతు రంగయ్యవి నలభై ఎకరాలు పైన ఉన్నాయి, మోషే పల్లెవాళ్ళ చిన్న చేని చెక్కలు కాలువ తోకన ఉన్నాయి. వంతు నీళ్ళు ఒక్కరోజూ కిందికి రాలేదు. అప్పటికి మోషే బిడ్డ తట్టు పోసి చచ్చిపోయి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ అతడు కన్ను మూయలేదు, తనలో తాను మాట్లాడుకుంటూ ఉండేవాడు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం పార తీసుకొని పోయి రంగయ్య గట్టు తెంచాడు. నీళ్ళు పల్లె చేలమీద పారుతుంటే పోలీసులు వచ్చేదాకా ఆ గండిలోనే నిలబడి ఉన్నాడు.

మూడోరోజు రంగయ్య గుమాస్తా శ్రీనివాసులు చర్చి దగ్గరికి వచ్చాడు. చాలా మెత్తగా మాట్లాడాడు. "కేసైతే మూడేండ్లు పడతాదప్పా. పిచ్చోడని మీరే రాసియ్యండి. కేసుండదు. సర్కారోళ్ళే ఆసుపత్రిలో పెట్టి మందిస్తారు." పల్లె నమ్మింది. ఏడో తరగతి దాకా చదివింది లూదియా ఒక్కతే గనుక ఆమే రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. కింద ముప్పైరెండు వేలిముద్రలు పడ్డాయి. మోషే భార్య జయమ్మ వేలిముద్ర మొదటిది. మూడేండ్లు తప్పించబోయి, ఎన్నేండ్లో తెలియని చోటికి అతణ్ణి అందరూ కలిసి పంపారు.

ఆదివారం ఆరాధన అయ్యాక లూదియా ఈ మాట అందరి ముందూ చెప్పింది. గొలుసు సంగతి చెప్పింది, బకెట్టు సంగతి చెప్పింది. "ఆ కాగితం నేను రాసినా. మీరు ముద్రేసినారు. రంగయ్య ఒక్కడే పెట్టలేదు మా అన్నను ఆడ" అంది. 

మిషన్ బడి అయ్యవారు సంజీవయ్య లేచాడు. "బుధవారం పెద్ద ఆఫీసరు జైలు తనిఖీకి వస్తాండాడంట. అప్పుడడగల్ల."

"అర్జీ రాసిద్దాం" అన్నాడు సంఘపెద్ద అబ్రహాము. "గలాటా వద్దు. చెనిక్కాయ చేలో కలుపు పని రంగయ్య చేతిలో ఉండాది. ఉయ్యాలవాడ నుంచి కూలోళ్ళను దింపుతానంటాండాడు."

"కాగితంతోనే గదా తాతా లోపలికి పోయినాడు. ఇంగో కాగితమా?" అంది జయమ్మ.

వెనకనుంచి ఎవరో అన్నారు: "వానికి బుర్ర బాగలేని మాట నిజమే గదమ్మా. ఇంటికి తెచ్చుకుంటే ఎవరు చూడాల?"

"బాగలేదు. నేను కాదన్నానా? మందు కావాల వానికి. గొలుసేస్తే నిద్దరొస్తాదా?" జయమ్మ గొంతు పెంచలేదు. "కలుపు తీసేటప్పుడు నేను వెనకబడితే నా సాలు పక్కనోళ్ళు తీస్తారు. గట్టు మీద కూసోబెట్టి తాళమేస్తారా నన్ను?"

అబ్రహాము కర్ర పట్టుకొని లేచాడు. "నేను రాను. రంగయ్యతో పడలేను" అని ఇంటికి పోయాడు. మగవాళ్ళలో సగంమంది ఆయన వెంట పోయారు.

బుధవారం జైలు ముందు పల్లె ఆడవాళ్ళు పదిహేడుమంది, మగవాళ్ళు ఇరవైమంది దాకా నిలబడ్డారు. జీపు వచ్చింది. ఆఫీసరు లోపలికి పోయాడు. లోపలికి టీ పోయింది, కొంతసేపటికి ఖాళీ గ్లాసులు బయటికి వచ్చాయి. పావుగంటలో ఆఫీసరు కూడా వచ్చాడు.

లూదియా ఎదురుపోయి అడిగింది. "వెనక గది చూసినారా సార్?"

"అది సామాన్ల గది" అన్నాడు పక్కనున్న జైలరు.

"అందులో నలుగురుండారు సార్. కాళ్ళకు గొలుసులుండాయి. ఒగాయన మా అన్న."

"పిచ్చోళ్ళమ్మా. మన చేతిలో ఏముంది? ఆసుపత్రిలో మంచాలు లేవు" అని ఆఫీసరు జీపెక్కాడు. కోపంగా కూడా అనలేదు. రోజూ అనే మాటలాగే అన్నాడు.

లూదియా జీపు ముందు రోడ్డు మీద కూర్చుంది. తాను కూర్చోబోతున్నట్టు ముందుగా ఆమెకే తెలియదు. జయమ్మ వచ్చి ఆమెకు భుజం ఆనించి కూర్చుంది. ఆ పక్క మరియమ్మ, ఆ పక్క సరోజమ్మ. కలుపులో కూర్చున్నట్టే వరసగా పదిహేడుమందీ కూర్చున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. కొట్టి కొట్టి మానుకున్నాడు.

పోలీసులు వచ్చారు. మగవాళ్ళను లాఠీలతో బజారు చివరిదాకా తరిమారు. ఆడవాళ్ళను జబ్బలు పట్టి లేపారు. స్టేషన్లో అంతమందికి చోటు లేదు. సాయంత్రానికి ఆడవాళ్ళందరినీ ఆ సబ్ జైల్లోనే, వెనక గది ముందున్న చోట వేశారు.

"ఏం రామయ్యా, తనిఖీకొచ్చినాం, టీ లేదా?" అంది జయమ్మ వార్డరుతో. అతడు నవ్వబోయి ఆగిపోయాడు.

తనిఖీ నిజంగానే జరిగింది. మరియమ్మ పైటకొంగు చించి తడిపి, ఊచల సందులోంచి చెయ్యి పెట్టి మోషే కాలి పుండు తుడిచింది. లూదియా నలుగురినీ పేర్లు అడిగింది. ఒకాయన మహానంది దారిలో దొరికాడట, తొమ్మిదేండ్లయింది. పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాక దాన్నే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ కూర్చున్నాడు. ఇంకొకాయన చెప్పలేకపోయాడు. మోషే జయమ్మ వంక చూశాడు. ఆమె ఊచల మీద పెట్టిన చేతిని చూస్తూ ఉండిపోయాడు.

మరునాడు మేజిస్ట్రేటు అందరినీ సొంత పూచీ మీద వదలమన్నాడు. ఎస్సై వచ్చి గేటు తెరిపించాడు. "పోండమ్మా, ఇడిసిపెట్టినాం."

ఎవరూ లేవలేదు.

"ఏందీ, చెవుల్లేవా?"

"డాక్టరొచ్చి ఈ నలుగుర్నీ చూడాల సార్" అంది లూదియా. "గొలుసులు తియ్యాల. అంతదాంక ఈడనే ఉంటాం."

"ఇదేమన్నా సత్రమా?"

"సత్రమైతే ఇంత గబ్బుండదులే సారూ" అంది జయమ్మ.

ఎస్సై వాళ్ళను చూశాడు, గేటును చూశాడు. లోపలున్నవాళ్ళను లోపలికి తొయ్యడం అతనికి తెలుసు. బయటికి ఈడ్చాలంటే బజారు చూస్తోంది. అప్పటికే మార్కెట్ యార్డు హమాలీలు పని ఆపి వచ్చి రోడ్డవతల నిలబడ్డారు. నిన్న తరిమితే పోయిన పల్లె మగవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఇంటి దగ్గర ఆగిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పొద్దు రంగయ్య చేలో కలుపుకు మనిషి దిగలేదు.

వాళ్ళలోంచి ముసలి అబ్రహాము కర్ర ఊనుకుంటూ రోడ్డు దాటాడు. కానిస్టేబులు అడ్డం వచ్చాడు.

"యాడికి పోతాండావ్ తాతా? అది జైలు."

"తెలుసులే నాయనా. నేనూ ముద్రేసినోన్నే" అని అబ్రహాము గేటులోంచి లోపలికి నడిచాడు. ఆయన వెనక ఒకడు నడిచాడు. వాని వెనక ఇంకొకడు.

వెనక గది ముందు చోటు ఇరుకు. లూదియా పక్కకు జరిగింది. ముసలాయన ఆమె పక్కన కూర్చున్నాడు.