థామసిన్ రాయలేదట

థామసిన్ పీక్ రాసిన పుస్తకానికి ఆమె తమ్ముడు జోసయాను జైల్లో పెట్టారు. బొత్తాలు చేసుకుని బతికే జోసయా తన పేరు రాయడానికే మూడుసార్లు కలం సిరాలో ముంచుతాడు. అయినా పార్లమెంటు కమిటీ పెద్దలకు వేరే ఆలోచన రాలేదు. మొగుడు పోయిన థామసిన్ ఉండేది తమ్ముడి దగ్గర. ఆ ఇంట్లోంచి రాజకీయం బయటికొచ్చిందంటే ఆ ఇంటి మగాడే రాసి ఉండాలి కదా మరి.

పుస్తకం పదహారు పేజీలు. జనం సొత్తు మీద రాజు చెయ్యి వేస్తున్నాడని పార్లమెంటు యుద్ధానికి దిగింది. ఇప్పుడు తన సైనికుల్నే జనం ఇళ్ల మీదికి తోలింది. రాజు చేస్తే నేరమైంది, వీళ్లు చేస్తే న్యాయం ఎలా అయిందని ఆమె ప్రశ్న. థామసిన్ వాళ్ల ఇంట్లో నలుగురు సైనికులు పదకొండు వారాలు తిష్ట వేశారు. ఉప్పు వేసి దాచిన పంది మాంసమంతా మెక్కి, బూట్లతోనే పక్కలెక్కి, చలికి బద్ధకించి పొయ్యిలోనే ఉచ్చ పోశారు. ఆ కంపు ఇంకా పోలేదు.

జోసయాకు కొరడా దెబ్బలు, ఆపైన సంతలో మెడా చేతులూ కొయ్యలో బిగించి నిలబెట్టడం, సోమవారానికి ఖాయమయ్యాయి. దగ్గితే నెత్తురు పడే మనిషి. అన్ని దెబ్బలకు బతకడు.

థామసిన్ కమిటీ ముందుకు వెళ్లి, రాసింది నేనేనని చెప్పింది. ముగ్గురు పెద్దమనుషులు మాంసం రొట్టె తింటున్నారు. అధ్యక్షుడు థర్‌గుడ్ జిడ్డు వేళ్లతోనే ఆమె పేజీలు తిప్పుతున్నాడు.

"తమ్ముడి కోసం అబద్ధమాడుతున్నావు, మంచి అక్కవే. ఇంటికెళ్లి గిన్నెలు తోముకోమ్మా," అన్నాడు.

ఆమె తొమ్మిదో పేజీలోని వాదనంతా చూడకుండా చెప్పింది. తమ్ముడు బాగానే బట్టీ పట్టించాడని పక్కవాడు మెచ్చుకున్నాడు. ముగ్గురూ నవ్వారు. థర్‌గుడ్ గడ్డం మీద కొవ్వు కారుతోంది. ఇలాంటి నోళ్లా దేశానికి చట్టాలు చెప్పేదని ఆమెకు రోత పుట్టింది.

దారి చూపింది అక్కాతమ్ముళ్లు వెళ్లే చర్చి పాదిరి బోల్. కిందటేడు జబ్బుపడ్డ ఒక పిల్ల కలవరింతల్ని దేవుని హెచ్చరికలంటూ అచ్చు వేయించి పేరు తెచ్చుకున్నవాడు. తొమ్మిది రోజులు అన్నపానీయాలు లేకుండా స్పృహ తప్పి పడి ఉన్నాననీ, అప్పుడు నోట పలికినవే ఈ మాటలనీ బైబిలు మీద ప్రమాణం చేయమన్నాడు. విని రాసుకున్నది తానేనని ఆయన సాక్ష్యమిస్తాడట.

"ఆడదాని నోట దేవుడు మాట్లాడితే ఎవరూ కాదనరు తల్లీ. నువ్వు మాట్లాడకూడదు, అంతే."

"దేవుడి పేరు పెట్టి అబద్ధమా అయ్యగారూ?"

"తమ్ముడు బతకాలా వద్దా?"

శనివారం ఆమె ప్రమాణం చేసింది. నాలుగు రోజుల కిందట నవ్విన ముగ్గురూ అవే వాక్యాలకు టోపీలు తీసి లేచి నిలబడ్డారు. ఒకడు కళ్లు తుడుచుకున్నాడు. మా కమిటీ గురించి దేవుడు ఇంకేమైనా సెలవిచ్చాడా అని థర్‌గుడ్ గొంతు తగ్గించి అడిగాడు. లేదంది. దేవుణ్ని కొరడాతో కొట్టలేరు గనక జోసయాను వదిలేశారు.

 ఇంటిదారిలో జోసయా మెల్లిగా నోరు విప్పాడు.

"అక్కా, చలికాలమంతా నువ్వు రాసి చదివి వినిపిస్తుంటే లోపల భయమేసేదే. ఆడమనిషికి ఇంత బుర్ర ఎక్కణ్ణించి వచ్చిందా అనుకునేవాణ్ని. దేవుడే చెప్పించాడని పాదిరిగారు అన్నాక మనసు కుదుటపడింది."

ప్రతి పేజీ మూడుసార్లు కొట్టేసి తిరగరాయడం ఎదురుగా కూర్చుని చూసినవాడు. ఆ బుర్ర నాదేరా అనాలని ఆమె నోటిదాకా వచ్చింది. అంటే వీడు సారాయి కొట్లో నలుగురికీ చెబుతాడు, మళ్లీ పట్టుకుపోయి సోమవారం కొయ్యకు బిగిస్తారు.

"అవున్రా," అంది థామసిన్.

కమిటీ ముందు రాని వాంతి ఇప్పుడొచ్చింది. గోడ పట్టుకుని వంగి కక్కింది. జోసయా ఆమె వీపు నిమరలేదు. దేవుడు మళ్లీ ఏదైనా పలికిస్తాడేమోనని ఒక అడుగు వెనక్కి జరిగి, చేతులు జోడించి వింటూ నిలబడ్డాడు.