ఆరో ఫారం

పడవ టిక్కెట్లు. ఏడుగురి ఫొటోలు, తలా నాలుగు. అత్తగారి బీపీ మాత్రలు పదిరోజులవి, తిరుగు పడవ ఆలస్యమైతే పనికొచ్చేలా ఇంకో మూడు రోజులవి. ఆయన ఈత మాస్కులో పవర్ అద్దాలు బిగించేవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కోవాలి. అమ్మాయికి నుదుటి నుంచి ముక్కు కింది దాకా కొలత తీయాలి, మాస్కు వదులైతే నీళ్ళు దూరతాయి. తోటికోడలికి ఎండ పడదు, ఆమె వాడే క్రీమే కొనాలి, వేరేది కొంటే దద్దుర్లు. గ్యాసు కట్టేయాలి. మొక్కలకు నీళ్ళు పోయమని పక్కింటావిడకు తాళం ఇవ్వాలి. ఆఫీసులో సెలవు పెట్టాలి. గొడుగు, గాలి దిండు.

చివరి రెండూ ఆమెకు. ఒడ్డున కూర్చునేవాళ్ళకు కావలసినవి అవే కదా.

పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న ఆ జాబితాలో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చింది. నడి సముద్రంలో ఉన్న ఒక దీవికి వెళ్దామన్నది ఆయన ఆలోచన. గొట్టం నోట్లో పెట్టుకుని నీళ్ళమీద బోర్లా తేలుతూ అడుగున పగడాల మధ్య తిరిగే చేపల్ని చూడొచ్చట. "ఆలోచన నాది, మిగతాది నీది" అని ఆయన భోజనాల దగ్గర నవ్వుతూ పని పంచేశాడు. మరిది కూడా నవ్వాడు. "వదిన ఉండగా మనకేం భయం అన్నయ్యా! పడవ బోల్తాపడినా లిస్టులో దానికీ ఏదో రాసే ఉంటుంది."

సెలవు చీటీ మీద సంతకం పెడుతూ పై అధికారి కూడా తన వంతు మాట అన్నాడు. "దీవికా! బాగుంది మేడం. ఫోను మాత్రం నీళ్ళలో పడేసుకోకండి. ఆఫీసులో పాత కాగితాలు ఎక్కడున్నాయో మీకు తప్ప ఎవరికీ తెలియదు, అడగాలి కదా."

"నేను నీళ్ళలోకి దిగను లెండి సార్."

ఆ మాట నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో! పదహారేళ్ళుగా అంటున్న మాట. పెళ్ళయిన తొలి ఏడాది అత్తింటివాళ్ళంతా కలిసి ఒక ఏటి ఒడ్డుకు వెళ్ళారు. అందరూ వాచీలు, ఉంగరాలు, చెప్పులు తీసేసి నీళ్ళలోకి పరుగెత్తబోతున్నారు. "ఎవరో ఒకళ్ళు వీటి దగ్గర కూర్చోవాలి మరి" అంది అత్తగారు, ఎవరివైపూ చూడకుండా. కొత్తకోడలు. నలుగురిలో మంచి అనిపించుకోవాలన్న తాపత్రయం. "నాకు నీళ్ళంటే భయం అత్తయ్యా, నేను కూర్చుంటాను" అనేసింది. మొహమాటానికి ఆడిన చిన్న అబద్ధం. సాయంత్రానికల్లా అది ఇంటి కబురైపోయింది. "మా ఆవిడకి బకెట్లో నీళ్ళు చూసినా కళ్ళు తిరుగుతాయి" అని ఆయన చుట్టాల దగ్గర చెప్పి నవ్వించడం మొదలుపెట్టాడు. తరవాత ఏ చెరువుకు వెళ్ళినా, ఏ జలపాతానికి వెళ్ళినా సంచుల పక్కన ఆమెకో చోటు ముందే సిద్ధంగా ఉండేది. ఒకసారి అల వచ్చి పాదాలకు తగిలితే నిజంగానే వెనక్కి జరిగింది. అబద్ధాన్ని అంతకాలం మోస్తే ఒళ్ళు కూడా నమ్ముతుంది కాబోలు.

దీవివాళ్ళు పంపిన ఫారాలు ఒక్కొక్కరికి ఒకటి. ఆదివారం పొద్దున ఆయన పేపరు చదువుతూ చెప్పాడు: "అయిదు నింపు. నేను, అమ్మాయి, తమ్ముడు, మరదలు, వాళ్ళవాడు. నీకూ అమ్మకీ అక్కర్లేదు."

అయిదూ ఆమే నింపింది. ఎవరి కంటి పవరెంతో, ఎవరికి ఏ మందు పడదో ఆమెకు తెలిసినంతగా వాళ్ళకే తెలియదు.

మధ్యాహ్నం పెరట్లో బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో నీళ్ళు నింపుకుని, కొత్త మాస్కు తగిలించుకుని, గొట్టం నోట పెట్టుకుని, అమ్మాయి ముఖం ముంచింది. రెండు క్షణాల్లో దగ్గుతూ లేచింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ లేచింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "నావల్ల కాదు. నేను రాను. నేనూ నీతో పాటు ఒడ్డునే కూర్చుంటా" అంది ఏడుపు గొంతుతో.

బట్టలు ఆరేస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి. పన్నెండేళ్ళ పిల్ల. ఒడ్డున తన పక్కన ఇంకో గాలి దిండు. అది ఆమె కళ్ళ ముందు కదిలేసరికి క్లిప్పులు బకెట్లో పడేసి వచ్చి టబ్బు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"గొట్టాన్ని పళ్ళతో కొరక్కు. పెదాలతో పట్టుకో. పీల్చే తొందర మానెయ్. ముందు బయటికి ఊదు, గట్టిగా. లోపలికి అదే వస్తుంది."

అమ్మాయి ముంచింది. గొట్టంలోంచి నీళ్ళు చిమ్మాయి. పది లెక్కపెట్టేదాకా లేవలేదు. ఇరవై. లేచాక మాస్కు నుదుటిమీదికి నెట్టి తల్లిని వింతగా చూసింది.

"నీకెలా తెలుసమ్మా? నీకు నీళ్ళంటే భయం కదా?"

ఎలా తెలుసు! బొప్పాయి కాడతో తెలుసు. ఆకు తుంచేస్తే పొడుగ్గా, బోలుగా మిగిలే కాడ. చిన్నత్త దాన్ని రెండువైపులా కోసి, నోట్లో పెట్టుకుని ఊది చూసి, ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్కటి ఇచ్చేది. నాన్నకు చెల్లెలు. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని. ఊరి చివర రాళ్ళు కొట్టడం ఆపేసిన గుంత ఉండేది. వానలకు నిండి ఆకుపచ్చగా నిలిచేది. మగవాళ్ళంతా పనుల్లో ఉండే ఎండవేళ, పని దిగి వస్తూ వస్తూ వీధిలోని ఆడపిల్లల్ని పోగేసుకుని అక్కడికి తీసుకెళ్ళేది. చిరిగిందని ఆస్పత్రివాళ్ళు పారేసిన దుప్పటి ఆవిడ సామగ్రి. చెరో కొసా ఇద్దరు పిల్లలు పట్టుకోవాలి. మధ్యలో ఇంకో పిల్ల బోర్లా పడుకుని కాళ్ళు కొట్టాలి. పొట్ట కింద చిన్నత్త చేతులు. దుప్పటి ఎప్పుడు జారేదో ఎవరికీ తెలిసేది కాదు.

"అత్తా, వదలకే! వదిలేశావా?"

"పట్టుకుంది ఎప్పుడే? ఇందాకటినుంచీ నా చేతులు నా నడుం మీదే ఉన్నాయి!"

ఆ నవ్వు గుంత గోడలకు తగిలి నాలుగు నవ్వులయ్యేది. తరవాత కాడలు నోట పెట్టుకుని వరసగా తేలేవాళ్ళు, తొమ్మిదిమంది. అడుగున ఉలిదెబ్బలు పడ్డ బండలు, వాటి సందుల్లో గోరంత చేపలు, ఎవరిదో ఒంటి చెప్పు. నీళ్ళలో మాట వినబడదు. ఎవరూ పిలవరు. ఏ పనీ చెప్పరు. అంత నిశ్శబ్దం ఆమెకు తరవాత ఏ ఇంట్లోనూ దొరకలేదు.

చిన్నత్తను ఇచ్చిన ఇంటికి మూడు రోజులకోసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. "మోకాలి లోతు నీళ్ళు చూసి ఆరేళ్ళయిందే" అంది ఒకసారి, నవ్వుతూనే. పదకొండేళ్ళ క్రితం జబ్బుచేసి పోయింది. ఆ వారమే అత్తగారికి కంటి ఆపరేషను. ఈమె వెళ్ళలేదు.

ఇదంతా ఆమె కూతురికి ఒక్క మాటలో చెప్పింది. "మా చిన్నత్త నేర్పింది." ఆ తరవాత లోపలికి వెళ్ళి, ఖాళీగా మిగిలిన రెండు ఫారాల్లో ఒకటి తీసింది. తన పేరు, వయసు రాసింది. ఈత వచ్చా? వచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు? పేరు రాయండి.

కలం ఆగింది. చిన్నత్త పేరేమిటి?

నాన్నకు ఫోను చేసింది.

"పేరా? చిట్టి అనేవాళ్ళం కదమ్మా."

"అది ముద్దుపేరు నాన్నా. అసలు పేరు."

"బడికి పంపితే కదమ్మా, ఒక పేరంటూ రాయించడానికి! నన్ను పంపారు. దాన్ని పంపలేదు. ఆస్పత్రిలో కూడా చిట్టి అనే రాసుకున్నారు." గొంతు తగ్గించి, "నాకు ఈత నేర్పింది కూడా అదే, తెలుసా? ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు నేర్పిందంటే నామోషీ" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అమ్మాయి అప్పటికే ఇల్లంతా చాటేసింది.

"నీకు ఈత వచ్చా?" ఆయన గొంతులో నవ్వు లేదు. "ఇన్నేళ్ళూ మరి చెప్పలేదేం?"

"చెప్పాల్సిన రోజున మీ అందరి వాచీలూ నా ఒళ్ళో ఉన్నాయండీ."

వెనకనుంచి అత్తగారు వచ్చింది. "అదేమిటే, నువ్వూ దిగితే సామాన్ల దగ్గర ఎవరు? నేనొక్కదాన్నీ ఎక్కడ చూడను?"

పదహారేళ్ళ అలవాటు గొంతుదాకా వచ్చింది. పోనీలెండి అత్తయ్యా, నేనుంటాను. ఆమె ఆ మాటను రానివ్వలేదు. గట్టిగా ఊపిరి బయటికి వదిలింది.

"వంతులు వేసుకుందాం అత్తయ్యా. మొదటి వంతు మీ అబ్బాయిది. నేనూ అమ్మాయీ పొద్దున్నే దిగుతాం."

ఆయన తల్లివైపు చూశాడు, టేబుల్ మీది ఫారం వైపు చూశాడు. చివరికి, "పొద్దున్నైతే చేపలు ఎక్కువ కనిపిస్తాయన్నారే" అన్నాడు నీరసంగా.

"అవునుట. అందుకే."

ఆమె మళ్ళీ కలం తీసుకుంది. ఆ గడి చిన్నది, ఒక పేరు పట్టేంత. "మా చిన్నత్త చిట్టి. ఆస్పత్రి దుప్పటితో, రాళ్ళ గుంతలో" అని రాసింది. అక్షరాలు గడి దాటి అంచులోకి వెళ్ళాయి.

దీవిలో ఫారాలు తీసుకునేవాళ్ళు ఇది పేరు కాదని కొట్టేస్తారేమో. ఇంకెక్కడా ఆవిడ గురించి ఒక్క అక్షరం కూడా రాసి లేదు. అందుకే ఈ కథ రాస్తున్న నేను, ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. ఎప్పుడైనా నీళ్ళలో దిగి, ఎవరూ పట్టుకోకుండా తేలిన ఆ మొదటి క్షణం మీకు గుర్తొస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్న ఆ మనిషిని కూడా ఒక్కసారి తలచుకోండి.