ముక్కు కుట్టిన మనిషి

1985 ఫిబ్రవరి 10, ఆదివారం పొద్దున పదకొండు గంటలకు బొంబాయిలోని ఒక మెడికల్ కాలేజీ మ్యూజియంలో మల్లవ్వ గాజులు పగలగొట్టుకుంది.

ఆమె భర్త పెంటయ్య వానాకాలంలో పరంజా మీంచి పడ్డాడు. తోటి కూలీలు అతన్ని ఆస్పత్రి గేటు దగ్గర దించి, పోలీసులకు భయపడి వెళ్లిపోయారు. మల్లవ్వ పాలమూరు నుంచి బొంబాయిలో తెలుగు కూలీలుండే కామాటిపుర చేరేసరికి ఆస్పత్రిలో అతని జాడ లేదు. ఎవరూ రాని శవాలను కోతకు కాలేజీకి పంపుతారని ఆమె దిగిన చాల్‌లో, పక్క గదివాళ్లెవరో అన్నారు. శవాన్ని చూడందే గాజులు తీయొద్దని పెద్దలు చెప్పారు. బతికున్నాడో లేడో తేల్చుకోవాలని ఆమె తన అన్న బక్కయ్యను వెంటబెట్టుకొని వచ్చింది.

మ్యూజియం ప్యూను తుకారాం వాళ్ల గల్లీవాడే. సెలవు రోజైనా తలుపు తీశాడు.

"చూసి రావాలె, అక్కా. ఏం ముట్టొద్దు."

"ముట్టనీకి వీళ్లేమన్న మా సుట్టాలా?" అన్నాడు బక్కయ్య.

సీసాల్లో చేతులు, గుండెలు, పుట్టని పిల్లలు. మల్లవ్వ ప్రతి సీసా ముందూ ఆగింది. కిటికీ పక్కనున్న దాంట్లో మగమనిషి ముఖం, నిలువునా కోసిన కుడి సగం. ముక్కుకు కుట్టిన రంధ్రం ఉంది.

పెంటయ్యకు ముందు పుట్టిన ముగ్గురూ పోయారు. ఇతనైనా దక్కాలని తల్లి పెంట మీద వేసి ఎత్తుకుని, ఆ పేరే పెట్టి, కుడి ముక్కు కుట్టించింది.

"అన్నా, ఈడున్నడే."

బక్కయ్య వంగి చూశాడు. "మీసం లేదు గదనే."

"గీకిండ్రేమో. ముక్కు సూడు."

ఆమె రెండు చేతులూ కిటికీ గట్టుకేసి కొట్టుకుంది.

తుకారాం పరుగెత్తుకొచ్చాడు. "అరె, ఏం జేసినవక్కా! నేను నౌకరికి వచ్చిన్నాటి సంది ఇది ఈడనే ఉంది. పదహారేండ్లాయె."

"ముక్కు కుట్టిచ్చుకున్నడు గద?"

"మన కామాటోళ్లల్ల ఎందరికి కుట్టియ్యలే?"

ఇంటికి తిరిగి వస్తూ ఫోరస్ రోడ్‌లో గాజుల దుకాణం ముందు బక్కయ్య ఆగాడు. "కొత్తయి తొడుక్కో చెల్లె. తుకారాం నోరు నేను మూయిస్త."

"మొగని పేరు మీద పగిలినయి. మళ్లెట్ల తొడుగుతరన్నా?"

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. పగలగొట్టుకున్నాక మళ్లీ తొడిగించే ఆచారం లేదన్నారు. గాజులు పగిలిన ఆ రోజునే పెంటయ్య చావు రోజుగా లెక్కలోకి తీసుకున్నారు.

ఫిబ్రవరి 20న పెంటయ్యకు పదకొండో రోజు చేశారు. అప్పటికి అతని జాడ తెలియలేదు.