గేటు దాకా వెళ్లిన బూట్లు

పొద్దున్నే ఐదింటికి, చెప్పులు కుట్టే ఆయన సైన్యం నాటి బూట్లు అరలోంచి దిగి, వాకిట్లో ఇరవై చుట్లు తిరిగి, మళ్లీ వాటి చోట కూర్చునేవి. ముప్పై ఏళ్లుగా ఒక్కరోజు నాగా లేదు. ఆయన మాత్రం ఆ వేళకి గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. యుద్ధం నుంచి కొడుకు తిరిగొచ్చాక వాడి బూట్లూ ఆ వేళకే దిగడం మొదలుపెట్టాయి. వాకిలి ఊడ్చే ఇల్లాలు మొగుడి బూట్లను "కాస్త జరగండి" అనేది, కొడుకు బూట్లను "జరగరా" అనేది.

అయితే కొడుకు బూట్లు చుట్లు తిరిగేవి కావు. తిన్నగా గేటు దాకా పోయి, ముక్కులతో తలుపు తట్టేవి. మళ్లీ సైన్యంలో చేరతావా లేదా, సోమవారంలోగా చెప్పమని వాడికి కాగితం వచ్చింది. వాడికి ఇంట్లోనే ఉండాలని ఉంది. తోలు వాసన, అమ్మ సణుగుడు, మధ్యాహ్నం కునుకు, ఇవన్నీ అక్కడ ఎంత గుర్తొచ్చాయో వాడికే తెలుసు. కానీ తండ్రి ముందు ఆ మాట అనడానికి నోరు పెగల్లేదు. చిన్నప్పుడు కంచాలు కూడా వరసలో పెట్టించిన మనిషాయన. పిరికివాడనుకుంటాడేమోనని వాడి భయం.

"సోమవారం పొద్దున బూట్లు ఎటు పోతే అటు పోతానమ్మా," అన్నాడు చివరికి.

"బాగుంది నాయనా. తలకాయ ఉండగా కాళ్లనడుగుతావా," అంది తల్లి.

వసారాలో పనిబల్ల దగ్గరున్న తండ్రి తలెత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం కొడుకు కునుకు తీస్తుంటే మాత్రం, వాడి బూట్లు ఒళ్లో పెట్టుకుని అడుగున ఉన్న పాత సోళ్లు ఊడదీసి కొత్తవి కొట్టాడు.

సోమవారం ముగ్గురూ గడపలో నిలబడ్డారు. ఐదయింది. కొడుకు బూట్లు దిగి గేటు వైపు నాలుగడుగులు వేశాయి. ఐదో అడుగుకి కుడికి మళ్లాయి. అలా మళ్లుతూ మళ్లుతూ వాకిలంతా చుట్టి, పనిబల్ల ముందుకొచ్చి ఆగాయి. మళ్లీ బయల్దేరాయి. మళ్లీ అక్కడికే వచ్చాయి.

కొడుకు వాటిని తిరగేసి చూశాడు.

"నాన్నా, రెండూ ఎడమకాలి సోళ్లే."

"అలాగా? కళ్లు మందగించాయిరా."

అద్దాల్లేకుండా ఆయన సూదిలోకి దారం ఎక్కించడం కొడుకు నిన్ననే చూశాడు. వాడికి నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదటిసారి.

తండ్రి గేటు వైపు చూశాడు. "రెండోసారి నేను సైన్యానికి వెళ్లేటప్పుడు, మా నాన్న ఉండమంటాడేమోనని గేటు దాకా వెనక్కి చూస్తూనే పోయాను. ఆయన అనలేదు."

"నువ్వూ అనలేదుగా."

"సోళ్లు మార్చాను కదరా. ఇంకెలా అనాలి?"

"నోటితో."

ఆయన ఆ బూట్లు కొడుకు చేతిలోంచి తీసుకుని కింద పెట్టాడు. "ఉండిపోరా," అన్నాడు.

కొడుకు అప్పటికప్పుడే కాగితం మీద రానని రాసేశాడు. బూట్లకి సరైన సోళ్లు తనే వేస్తానన్నాడు.

"వాటికేం తొందర లేదు. ముందు ఆ రెండో పీట లాక్కుని పనిబల్ల దగ్గర కూర్చో," అన్నాడు తండ్రి.

ఆ రోజు తండ్రి బూట్లు ఇరవై చుట్లూ పూర్తి చేయలేదు. పన్నెండో చుట్టులో ఆగి, వచ్చి కొడుకు బూట్ల పక్కన కూర్చున్నాయి. జరగమనడానికి ఎవరూ లేక, ఇల్లాలు వాకిలంతా ఒక్క ఊపులో ఊడ్చేసింది.