టైలరమ్మ కూతురి మాటలు

టైలరమ్మకి ఇరవై ఏళ్లు, కూతురికి ఏడాదిన్నర. కడుపుతో ఉన్నప్పుడే తనకి హెచ్‌ఐవీ అని తెలిసింది. ఒక్క పూట తప్పకుండా మందులు వేసుకుంది. పాపకి లేదని పరీక్షల్లో తేలింది కూడా. అయినా మనిషి ముఖంలో నవ్వు లేదు.

"పాప మాట్లాడట్లేదక్కా. నా రోగమే దాన్ని మూగదాన్ని చేసింది," అంది మా ఆసుపత్రిలో నా ఎదురుగా కూర్చుని.

నేనక్కడ కౌన్సెలర్ని. పదేళ్లుగా నేనూ అవే మాత్రలు మింగుతున్నాను. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"నువ్వు దాంతో మాట్లాడతావా?"

"బదులివ్వని పిల్లతో ఏం మాట్లాడను?"

"మీ ఆయన బదులిస్తాడా? ఆయనతో మాట్లాడట్లా?"

దానికీ నవ్వలేదు. తిండి సయించదట, నిద్ర పట్టదట, పొద్దస్తమానం మిషను ముందు తల వంచుకు కూర్చుంటుందట. బెంగ ముదిరిందని అర్థమై, చెయ్యి పట్టుకుని మనసు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. దారిలో ఇంకో మాట చెప్పాను.

"పాప నీ కాళ్ల దగ్గరే ఆడుకుంటుందిగా. కుడుతూ చేసేదంతా పైకి చెప్పు."

"పిచ్చిదాన్నంటారక్కా."

"అన్నవాళ్ల బట్టలు బిగుతుగా కుట్టు."

మూడు నెలలు పోయాక పిల్లల డాక్టరమ్మ పాపని చూసింది. బంతి చూపించింది, బొమ్మ చూపించింది. పాప మూతి ముడుచుకుంది. టైలరమ్మ చేతిలో చీటీ నలిగి ఉండైపోయింది. నాకూ భయమేసింది, దాచడం ఎందుకు.

డాక్టరమ్మ రాసుకోవడానికి ముందుకి వంగింది. పాప ఆవిడ కోటు లాగి, బొత్తాం ఉండాల్సిన చోట వేలు పెట్టింది.

"ఊడింది!"

చూశాం. నిజంగానే ఊడింది.

"ఇంట్లో ఇంకేమంటుందమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

టైలరమ్మ తడబడింది. "దారం అంటుంది. కత్తెర అంటుంది. కాలు తియ్ అంటుంది. అమ్మా అని మాత్రం అనదు. అవన్నీ పని మాటలే కదా, లెక్కలోకి రావనుకున్నా."

నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. డాక్టరమ్మ రాస్తూనే ఉంది. "వయసుకి తగ్గట్టే మాట్లాడుతోంది," అంది చివరికి.

బయటికొస్తుంటే పాప గేటు దగ్గర వాచ్‌మన్‌ని నిలబెట్టేసింది.

"జేబు చిరిగింది!" అని అందరికీ వినబడేలా అరిచింది.

పాపం, అతను జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. టైలరమ్మ సిగ్గుతో పాప నోరు మూయబోయింది. ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"మళ్లీ చెప్పమ్మా," అంది, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "గట్టిగా చెప్పు. ఏం చిరిగింది?"